వెడల్పు తెర – పాత బొమ్మ: కొలతలు మార్చుటలోని కష్టనష్టములు

దేవనహళ్ళి కోట నిడుపైన కట్టడము. 1501 వ సంవత్సరమున మల్లబైరె గౌడ మట్టితో కట్టించిన దానిని హైదరాలీ కాలమున రాతితో పటిష్ఠము చేసిరి. కోడిగ్రుడ్డు ఆకారమున చుట్టివచ్చు ఆ గోడకు 12 అర్ధవృత్తాకారపు బురుజులు కలవు. దానిని ఫొటో తీయగోరినవాడు ఎవ్వరును చెప్పకయే కెమేరాను అడ్డముగా పట్టును. అతడే కోటలోని వేణుగోపాలస్వామి ఆలయము ముందర నిలిచి గోపురమును చూచినపుడు కెమేరాను నిలువునకు త్రిప్పును. ఒక్క ప్రాకారములోనే అడ్డపు బొమ్మయు, నిలువు బొమ్మయు ఇట్లు సహజముగా పుట్టుచున్నవి. ఆ రెండును ఇల్లు చేరి, గోడమీది వెడల్పాటి టెలివిజన్ తెరపై ఒకదాని తరువాత ఒకటి నిలువవలసి వచ్చినపుడు చిక్కు మొదలగును.

దేవనహళ్ళి పేరు వినగనే నేటి తెలుగువారికి 2008 మే నెలలో ప్రారంభమైన బెంగుళూరు విమానాశ్రయమే మొదట జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదు నుండి అనంతపురము మీదుగా బెంగుళూరు చేరు రాజమార్గమును ఈ ఊరి చెంతనుండియే పోవును. ఇది మొరసునాడు. ఇంట తెలుగును, వీధిలో కన్నడమును మాటలాడు కుటుంబములు తరతరములుగా ఇచ్చట కలవు. ఇట్టి కుటుంబముల పెట్టెలలో పెండ్లి ఫొటోలును, వీడియో క్యాసెట్టులును, సంఘముల బీరువాలలో వార్షికోత్సవపు గ్రూపు ఫొటోలును దాగియున్నవి. అవి యన్నియు ఇంచుమించు చదరమునకు దగ్గరగానున్న చట్రము కొరకు పుట్టినవి. నేటి తెరలన్నియు అడ్డముగా సాగినవి. పాతవానిని క్రొత్తవానిలో అమర్చు పనిని తరచుగా ఇంటిలోని కుఱ్ఱవాడో, ఉత్సవపు వేదికకు తెర అమర్చు పనివాడో నిముషములో ముగించుచున్నాడు. ఆ నిముషములో బొమ్మనుండి కొంత పోవుచున్నది, లేదా బొమ్మ వికృతమగుచున్నది. కాలక్రమమున మూలప్రతి చెదలపాలై, ఆ వికృతప్రతియే సాక్ష్యముగా మిగులుచున్నది. కావున ఈ కొలతల మార్పు ఎట్లు జరుగునో, అందు పోవునదేమో తెలిసికొనుట అవసరము.

బొమ్మయొక్క వెడల్పునకును ఎత్తునకును గల నిష్పత్తియే ఇచ్చట మూలసూత్రము. వెడల్పు 4 పాళ్ళు, ఎత్తు 3 పాళ్ళు అయినచో దానిని 4:3 అందురు. పాత టెలివిజన్ పెట్టెలు ఈ నిష్పత్తివి. ఫిలిం చుట్టతో తీయు సామాన్యపు కెమేరాలు 3:2 నిష్పత్తిలో బొమ్మ తీసెడివి. నేటి టెలివిజన్ తెర 16:9. చేతిఫోనును నిలువుగా పట్టి తీసిన చలనచిత్రము దీనికి తలక్రిందై 9:16 అగును. సినిమాస్కోప్ చిత్రము ఇంకను వెడల్పై, ఎత్తు 1 అనుకొన్నచో వెడల్పు 2.35 లేదా 2.39 పాళ్ళుండును. భిన్ననిష్పత్తులు గల రెండు దీర్ఘచతురస్రములలో ఒకదానిని మఱియొకదానిలో సరిగా నింపుట రేఖాగణితము ప్రకారము అసాధ్యము. బొమ్మలో కొంత కోయవలెను, లేదా తెరలో కొంత ఖాళీ విడువవలెను, లేదా బొమ్మను సాగదీయవలెను. ఈ మూడును గాక నాలుగవ మార్గమొకటి ఈ మధ్య వచ్చినది: లేని బొమ్మను కల్పించి అతుకుట. దాని ప్రస్తావన ముందు వచ్చును.

ఈ నిష్పత్తులు ఆకాశమునుండి ఊడిపడినవి కావు. ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ అనునతడు 35 మిల్లీమీటర్ల ఫిలింపై ఒక్కొక్క బొమ్మకు నాలుగేసి రంధ్రముల ఎత్తు కేటాయించుటతో 4:3 నిష్పత్తి యేర్పడెను. మాటలు వచ్చిన పిమ్మట ఫిలిం అంచున ధ్వనికి చోటీయవలసి వచ్చి, అమెరికాలోని అకాడమీ 1932 లో 1.37 నిష్పత్తిని స్థిరపరచెను. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ వెలువడినదియు ఆ సంవత్సరమే. టెలివిజన్ పుట్టినపుడు సినిమాను చూచియే 4:3 కొలతను గైకొన్నది. తన కొలతను తీసికొన్న ఆ చిన్న పెట్టెయే ప్రేక్షకులను ఇండ్లలో కట్టివేయగా, దానికి లేని హంగు కొరకు సినిమా వెడల్పైనది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఆన్రీ క్రెతియెన్ 1920 లనాడు రూపొందించిన కటకమును ఆధారముగా గొని 1953 లో ‘ది రోబ్’ అను చిత్రము సినిమాస్కోప్‌లో వెలువడినది.

ఈ సినిమాస్కోప్‌లోని యుక్తి గమనింపదగినది. కెమేరా ముందరి కటకము దృశ్యమును అడ్డముగా సగమునకు నొక్కి ఫిలింపై ముద్రించును. ఫిలింను చేతపట్టి చూచినచో మనుష్యులందఱు వెదురుబొంగులవలె సన్నగా కనబడుదురు. ప్రొజెక్టరునకు బిగించిన ఎదురు కటకము వారిని మరల రెండింతలు వెడల్పుచేసి యథారూపమునకు తెచ్చును. కటకము మార్చుట మఱచినచో తెరపై నాయికానాయకులు తాటిచెట్లగుదురు. మామూలు చిత్రమునకు ఆ కటకమును తీయకుండ ఉంచినచో అందఱును పొట్టివారై, గుమ్మడికాయలవలె ఉబ్బుదురు. ఇంటి టెలివిజన్‌లో నేడు జరుగుచున్న సాగదీతయు ఈ జాతిదే. హాలులోని ప్రేక్షకులు ఈలలువేసి ఆపరేటరుచే తప్పు దిద్దించెడివారు. ఇంటిలో ఈల వేయువారు లేరు.

భారతదేశమున తొలి సినిమాస్కోప్ చిత్రము 1959 నాటి ‘కాగజ్ కే ఫూల్’. దానికి ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి. మైసూరున జన్మించి, బెంగుళూరులోని శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో చాయాగ్రహణము నేర్చినవాడు. తెలుగున తొలి సినిమాస్కోప్ చిత్రము ‘అల్లూరి సీతారామరాజు’. 1974 మే 1 న విడుదలయినది, వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రాహకుడు. మన్యపు కొండలు, వరుసగా నడచు జనము, తుపాకుల బారు — ఈ కథకు అడ్డపు చట్రము అతికినట్లుండుట కాకతాళీయము గాదు. 1986 లో ‘సింహాసనము’ తెలుగున తొలి 70 మిల్లీమీటర్ల చిత్రమైనది.

బెంగుళూరునకు సమీపమున రామనగరపు కొండలలో తీసిన ‘షోలే’ (1975) వృత్తాంతము ఈ విషయమున పాఠమువంటిది. దానిని 35 మిల్లీమీటర్ల ఫిలింపై చిత్రించి, పిదప 70 మిల్లీమీటర్లకు పెంచిరి. పెద్ద చట్రము వెడల్పైనది. చిన్న చట్రము ఎత్తైనది. కావున చిత్రీకరించునపుడే ఏది మిగులునో, ఏది పోవునో గుర్తులుంచుకొని, ముఖ్యమైనదంతయు ఆ గుర్తుల నడుమ పడునట్లు జాగ్రత్తపడిరి. ముందుగా తెలిసి కోయుట వేరు, పిమ్మట తెలియక కోయుట వేరు.

రెండవ తరగతికి చేరు ఉదాహరణము తెలుగువారికి మిక్కిలి ప్రియమైనది. విజయా సంస్థ ‘మాయాబజారు’ 1957 మార్చి 27 న విడుదలయినది. కె.వి. రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రాహకుడు. నలుపు తెలుపులలో, నాటి సామాన్యపు చట్రములో తీసినది. హైదరాబాదునకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ దానికి రంగులద్ది, ధ్వనిని క్రొత్తరీతికి మార్చి, సినిమాస్కోప్ తెరకు అనువుగా తీర్చి 2010 జనవరి 30 న విడుదల చేసినది. క్రొత్తతరము ఆ చిత్రమును పెద్దతెరపై చూచుటకు అది తోడ్పడినదనుటలో సందేహము లేదు. అయినను లెక్క చూడవలసియున్నది. 1.37 నిష్పత్తి గల బొమ్మను సాగదీయకుండ, వెడల్పంతయు నిలిపి, 2.35 నిష్పత్తికి తెచ్చినచో ఎత్తులో నూటికి 58 పాళ్ళే మిగులును. తక్కిన 42 పాళ్ళు పైనుండియో, క్రిందినుండియో పోవలెను. కొంత కోసి, కొంత సాగదీసినచో నష్టము రెండు చోట్లకు పంచుకొనబడునేగాని తొలగదు.

పౌరాణిక చిత్రమునకు ఈ లెక్క మఱింత భారమగుటకు కారణము కిరీటము. సాంఘిక చిత్రములో తలపై నాలుగంగుళములు కోసినచో ప్రేక్షకుడు గమనింపడు. కృష్ణుని నెమలిపింఛము, బలరాముని కిరీటము, ఘటోత్కచుని గద — ఇవన్నియు ఎత్తును కోరునవి. నాటి కళాదర్శకులు గోఖలే, కళాధర్‌లు స్తంభములను, తోరణములను, మెట్లను ఆ ఎత్తునకు తగినట్లు కూర్చిరి. ఘటోత్కచుడు తన దేహమును పెంచుకొనుచు పెండ్లివంటలను ఆరగించు దృశ్యమున నిలువు చోటే ప్రాణము. నేలపై అరిటాకులు, నడుమ పాత్రలు, పైన ఎస్.వి. రంగారావు ముఖము — ఈ మూడంతస్తులలో ఒకటి తగ్గినను హాస్యము సన్నగిల్లును. రంగు కంటికి కనబడు మార్పు. కొలత అట్లు కాదు. చూపినదానినే గాని తీసివేసినదానిని ప్రేక్షకుడు చూడజాలడు గదా!

పాదముల మాటయు ఇట్టిదే. కూచిపూడి తరంగమున నర్తకి ఇత్తడి పళ్ళెరపు అంచుపై నిలిచి దానిని కదల్చుచు తాళము వేయును. పళ్ళెము చట్రమునకు అడుగున నుండును. పాత 4:3 వీడియోను 16:9 తెర నిండునట్లు పెంచినచో ఎత్తులో నాలుగవవంతు పోవును. సగము పైన, సగము క్రింద. క్రింద పోయిన ఆ ఎనిమిదవవంతులోనే పళ్ళెముండును. మిగిలిన బొమ్మలో ఒక బాలిక ఏలనో ఊగుచు కనబడును.

ఇక సాగదీత. 4:3 బొమ్మను 16:9 తెరపై అంచులంట లాగినచో వెడల్పు మాత్రము మూడవవంతు పెరుగును, ఎత్తు పెరుగదు. దీనిని కనిపెట్టుటకు యంత్రములు అక్కరలేదు; బొమ్మలో గుండ్రని వస్తువొకటి చాలును. దేవనహళ్ళి ప్రాంతము పంపరపనసకు ప్రసిద్ధి. కన్నడమున చకోతా యందురు, భౌగోళిక గుర్తింపును పొందిన ఫలము. తాంబూలపు పళ్ళెములో పెట్టిన ఆ పండును ఫొటోలో కొలిచినపుడు అడ్డము 4 అంగుళములు, నిలువు 3 అంగుళములు వచ్చినచో అది పంపరపనస గాదు, సాగదీసిన బొమ్మ. పండు లేనిచోట గడియారము, బండిచక్రము, నుదుటి కుంకుమబొట్టు ఈ పనికి వచ్చును. తెలుగు అక్షరములే మంచి కొలబద్దలు. లిపి గుండ్రనిది గనుక సున్న కోడిగ్రుడ్డగును. సాగదీసిన సభాఫలకము చూచినవెంటనే తెలిసిపోవును.

కొన్ని టెలివిజన్‌లలో మఱియొక తంత్రము కలదు. నడుమభాగమును ఉన్నదున్నట్లుంచి, అంచులను మాత్రమే లాగును. నిశ్చలమైన బొమ్మలో ఇది కొంత నయమే. కాని కెమేరా కదలినపుడు మనుష్యుడు ఎడమ అంచున స్థూలకాయుడై ప్రవేశించి, నడుమకు వచ్చుసరికి చిక్కి, కుడి అంచున మరల ఉబ్బి నిష్క్రమించును.

తెరలో ఖాళీ విడుచుట మూడవ మార్గము. 1920 అడ్డపు చుక్కలు, 1080 నిలువు చుక్కలు గల తెరపై 4:3 బొమ్మను పూర్తి ఎత్తున ఉంచినచో 1440 చుక్కల వెడల్పు ఆక్రమించి, ఇరుపక్కల 240 చొప్పున నల్లని పట్టీలు మిగులును. 3:2 ఫొటో 1620 ఆక్రమించును. పక్కకు 150 మిగులును. ఫోనులో నిలువుగా తీసిన చలనచిత్రమైనచో 608 చుక్కలే నిండి, తెరలో మూడింట రెండువంతులు ఖాళీ. సినిమాస్కోప్ చిత్రమున పట్టీలు పక్కలకు గాక పైకిని క్రిందికిని చేరును, 2.39 నిష్పత్తి గలది 803 వరుసలే నింపును. ఈ పట్టీలను చూచి తెర వృథా అయినదని కొందఱు విసుగుకొందురు. ఖరీదు పెట్టి కొన్న తెర నిండవలెననుట సహజమే. కాని ఫొటోపటమునకు చుట్టును అట్ట విడుచు పాత స్టూడియోవాని ఆచారమును ఎవ్వరును వృథా యనలేదు. ఆ అట్టయే బొమ్మకు నిండుతనము నిచ్చినది.

వార్తాప్రసారములలో ఆ ఖాళీని అదే బొమ్మయొక్క మసకనీడతో నింపుట వాడుకయైనది. అవసరమున ఎవరో ఫోనులో పట్టిన దృశ్యమునకు అది సరిపోవును. స్వర్గస్థులైన పెద్దల చిత్రము వెనుక వారి ముఖమే పెద్దదై, మసకై కదలుట మాత్రము ఒప్పుగా నుండదు.

16:9 అను సంఖ్య వెనుక ఈ రాజీయే కలదు. 1980 లలో అమెరికాలో కెర్న్స్ పవర్స్ అను ఇంజనీరు అప్పటికి వాడుకలోనున్న చట్రములనన్నిటిని సమానవైశాల్యమున గీసి, కేంద్రములు కలియునట్లు ఒకదానిపై ఒకటి పేర్చెను. వానినన్నిటిని చుట్టివచ్చు దీర్ఘచతురస్రమును, వానికన్నిటికిని ఉమ్మడియైన నడుమభాగమును ఇంచుమించు ఒకే నిష్పత్తిలో వచ్చినవి: 1.77. గణితము తెలిసినవారు 1.33, 2.35 సంఖ్యలను గుణించి వర్గమూలము తీసినచో ఆ అంకెయే వచ్చును. అనగా 16:9 తెర ఏ బొమ్మకును సొంత ఇల్లు గాదు, అన్నిటికిని సత్రము. పాత టెలివిజన్ చిత్రమునకు పక్కల నాలుగవవంతు, సినిమాస్కోప్‌నకు పైక్రిందుల దాదాపు నాలుగవవంతు ఖాళీ విడుచుట ఆ రాజీలో భాగమే. ఖాళీని చూచి నొచ్చుకొనువారు ఈ సంగతి నెఱుగవలెను. సూళ్ళూరుపేటలో 2019 లో తెఱచిన సినిమాహాలు తెర నూరు అడుగులకు మించిన వెడల్పు గలది. అంతటి తెరకును ఎత్తు వెడల్పులో సుమారు సగమే గనుక సినిమాస్కోప్ చిత్రము దానిని పూర్తిగా నింపజాలదు.

కొలత మార్చుటలో నిష్పత్తి యొకటి, చుక్కల సంఖ్య యొకటి. చుక్కలనగా కంప్యూటరువారి పిక్సెల్‌లు. పాత వీడియో సి.డి. బొమ్మలో 352 అడ్డము, 288 నిలువు, మొత్తము లక్షకు కొంచెము పైగా చుక్కలున్నవి. నేటి తెరపై 20 లక్షలకు మించియున్నవి. ఉన్న ఒక్క చుక్కనుండి ఇరువదింటిని పుట్టింపవలెను, పందొమ్మిది ఊహాజనితములు. ఊహించు రీతులు పలువిధములు. దగ్గఱి చుక్క రంగునే ప్రక్కవానికి పూసినచో అంచులు మెట్లు మెట్లుగా కనబడును. నాలుగు చుక్కల సగటు తీసినచో మెట్లు పోయి మసక వచ్చును. పదునాఱు చుక్కలను లెక్కలోనికి తీసికొను పద్ధతి అంచును కొంత నిలుపును. లాంచోష్ అను గణితజ్ఞుని పేరు గల పద్ధతి ఇంకను వాడియైన అంచు నిచ్చును గాని, పట్టుచీర జరీఅంచు వెంట తెల్లని వలయములవంటి నీడలను వదలును. వీనిలో ఏదియు క్రొత్తసమాచారము నీయదు. జరీలోని హంసలు క్యాసెట్టులో లేనిచో తెరపైకి రావు.

డి.వి.డి. లో మఱియొక చిక్కు. మన దేశపు పద్ధతిలో దాని బొమ్మ 720 అడ్డము, 576 నిలువు. దీనిని లెక్కించినచో 5:4 వచ్చును, 4:3 గాదు. కారణమేమన, దాని చుక్కలు చదరములు గావు. అడ్డము కొంచెము ఎక్కువ. చదరపు చుక్కల తెరకు మార్చునపుడు 768 గా చేయవలెను. ఆ సంగతి తెలియని మార్పుపనిముట్టు 720 నే ఉంచినచో అందఱును కొంచెము సన్నబడుదురు. సన్నబడుట గనుక ఫిర్యాదులు తక్కువ!

చిన్నదిచేయునపుడు నష్టము వేరొక చోట. సభాప్రకటనమును ఫోనుతెర కొరకు కుదించినపుడు ఆంగ్లాక్షరములు నిలిచినను తెలుగు చెదరును. తలకట్టులును, వరుస క్రింద వ్రేలాడు ఒత్తులును మొట్టమొదట మాయమగును. ఒత్తు పోయినచో ‘అక్క’ ‘అక’ అగును, ‘పల్లె’ ‘పలె’ అగును. రెండు వరుసల నడుమ కత్తిరింపు పడినపుడును ఇదియే జరుగును. అచ్చుకూటములవారు వరుసల నడుమ ఎడము విడుచుటకు గల కారణమే ఇచ్చటను వర్తించును.

2007 లో షై అవిదాన్, ఏరియల్ షమీర్ అను శాస్త్రజ్ఞులు క్రొత్తపద్ధతి నొకదానిని ప్రకటించిరి. బొమ్మనంతటిని సమముగా లాగక, దానిలో మార్పు తక్కువగానున్న చోట పైనుండి క్రిందికి వంకరటింకర దారి నొకదానిని యంత్రము వెదకును. ఆ దారిలోని చుక్కలను తీసివేసినచో బొమ్మ ఒక చుక్క సన్నబడును. ఆ దారినే రెట్టించినచో ఒక చుక్క వెడల్పగును. ఆకాశము, ఇసుక, గడ్డి ఉన్నచోట దారులు సులభముగా దొరకును, ముఖములు చెడవు. దేవనహళ్ళి కోట ముందర ఇద్దఱు ఎడముగా నిలిచిన ఫొటోను దీనితో వెడల్పు చేసినచో మనుష్యులు యథాతథముగా నుండి నడుమ గోడ పెరుగును. ఆలయమండపములో ఇది పనికిరాదు. స్తంభములు చెఱకుగడలవలె వంగును. దారి దొరకునంతవఱకే దాని నైపుణ్యము.

కాని నైపుణ్యమెంత హెచ్చిన అంత ప్రమాదము. ఆ ఇద్దఱును ఎంత ఎడముగా నిలిచిరి అనునదియు ఫొటోలోని సాక్ష్యమే. నేటి కృత్రిమమేధ పనిముట్టులు ఇంకను ముందునకు పోయి, పాత బొమ్మకు ఇరుపక్కల లేని దృశ్యమును అల్లి తెరను నింపుచున్నవి. 4:3 కోటబొమ్మను వెడల్పు చేయుమన్నచో గోడను పొడిగించి మఱియొక బురుజును నిలుపవచ్చును. చూచువానికి అతుకు కనబడదు. పన్నెండు బురుజుల కోట పదుమూడింటిదగును. ఈ విధముగ పాత సంఘపు గ్రూపు ఫొటోలో ఎవ్వరిదియు గాని ముఖము చివరివరుసలో కూర్చుండుట అసంభవము గాదు. నాటకపు తెరకో, శుభలేఖకో ఇట్టి కల్పన ముచ్చటగానుండవచ్చును. చరిత్రముగా దాచవలసిన దానికి ఇది తగదు.

వెడల్పైన బొమ్మను కుదించుటయు ఈ కథలో రెండవపార్శ్వము. దేవనహళ్ళిలో 1750 లో జన్మించిన టిప్పు సుల్తాను శ్రీరంగపట్టణమున దరియా దౌలత్ ఉద్యానభవనపు గోడపై 1780 నాటి పొల్లిలూరు యుద్ధమును చిత్రింపించెను. ఆ చిత్రమునకు కాగితముపై వ్రాసిన ప్రతి యొకటి లండనులో 2010 లోను, మఱియొకటి 2022 లోను వేలమునకు వచ్చినవి. రెండవది పది కాగితములను జతపఱచినది, సుమారు 32 అడుగుల పొడవు. వెడల్పు ఎత్తునకు నాలుగు రెట్లని తక్కువగా వేసికొన్నను, 1920 చుక్కల తెరపై దాని ఎత్తు 480 చుక్కలే. తెరలో సగమునకు మించి ఖాళీ. గుఱ్ఱపురౌతుల ముఖములు చీమలగును. దానిని చూపుటకు మేలైన ఉపాయము బొమ్మను తెరకు లొంగదీయుట గాదు. గోడవెంట నడచువాడు చూచినట్లు, పూర్తి ఎత్తున నుంచి మెల్లగా ఒక కొననుండి మఱియొక కొనకు జరుపవలెను. మన పటచిత్రకారులు చేసిన పని ఇదియే. తెలంగాణములోని చేర్యాల నకాషీలు నిడుపైన చుట్టను అంకణములుగా విభజించి, కథకుడు ఒక్కొక్క అంకణమును విప్పి చూపునట్లు గీసిరి. చట్రమునకు లోబడని కథను చట్రములో చూపు విద్య వారికి పూర్వమే తెలియును.

చివరకు సంఘముల గ్రూపు ఫొటోల సంగతి. ఉత్సవములలో పూర్వాధ్యక్షుల చిత్రములను వేదికమీది ఎల్.ఇ.డి. తెరపై చూపుట నేడు పరిపాటి. ఈ తెరలను తరచుగా అరమీటరు చదరపు పలకలతో పేర్తురు. అడ్డము 12, నిలువు 6 పలకలైనచో తెర 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, నిష్పత్తి 2:1. పలకకు 128 చుక్కల చొప్పున మొత్తము 1536 అడ్డము, 768 నిలువు. ఇంతటి పెద్దతెరపై చుక్కలు ఒక చిన్న ఫోనులోనున్న వానికంటె తక్కువ. కావున చిత్రము చాలదను భయము అక్కరలేదు. స్కాను చేసిన ఏ ఫొటో అయినను చాలును. భయపడవలసినది నింపుటను గూర్చియే.

పాత స్టూడియోలలో గ్రూపు ఫొటోకు ఒక క్రమముండెడిది. నడుమ కుర్చీలలో పెద్దలు, వెనుక నిలిచిన సభ్యులు, బల్లలెక్కి నిలిచిన చివరివరుస, నేలపై పిల్లలు. అట్ట అడుగున కూర్చున్నవారు, నిలిచినవారు అని వరుసల వారీగా పేర్లు అచ్చువేసెడివారు. 4:3 ఫొటోను 2:1 తెర నిండునట్లు చేసినచో ఎత్తులో మూడవవంతు కత్తెరపాలగును. పైన బల్లలెక్కినవారి తలలు, క్రింద పిల్లలు, అన్నిటికంటె ముందుగా ఆ పేర్లు పోవును. ముఖములను గుర్తింపగల వృద్ధులు ఒక్కరొక్కరుగా తగ్గుచున్న ఈ కాలమున పేర్ల పట్టీ పోయిన ఫొటో ఎవరిదో తెలియని గుంపు. అట్టను తీసి బొమ్మవరకే స్కాను చేయు అలవాటు ఇంకను చెడ్డది. అచ్చట పేర్లు కత్తిరింపుకంటె ముందే పోయినవి.

పని పెద్దది గాదు. పటమును గాజు తీసి, అట్ట అంచులు నాలుగును కనబడునట్లు అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేయవలెను. 10 అంగుళముల ఎత్తు, 12 అంగుళముల వెడల్పు గల అట్టకు 4 కోట్ల పైచిలుకు చుక్కలు వచ్చును. పేర్లలోని ఒత్తులును చదువవచ్చును. ఈ ప్రతిని ఏ తెర కొరకును మార్పక దాచి, తెరకు వేరుగా నకలు తీయవలెను. పైని చెప్పిన 2:1 తెరపై 4:3 ఫొటో పూర్తి ఎత్తున 1024 చుక్కలు ఆక్రమించి, ఇరుపక్కల 256 చొప్పున మిగులును. నల్లగా విడువనిష్టములేని ఆ రెండు పట్టీలలో ఎడమవైపు కూర్చున్నవారి పేర్లు, కుడివైపు నిలిచినవారి పేర్లు పెద్ద అక్షరములతో వ్రాయించిన చోటు సరిగ్గా సరిపోవును.